చలిగాలిలో సైకిలు ప్రయాణము

పుష్యమాసమున తెల్లవారకముందు, మా వైపు జనులు 'మబ్బు' అని పిలుచు ఆ వేళలో, జూపాడు బంగ్లా రోడ్డుమీద నిలిచినవారికి ముందుగా పాలక్యానులు సైకిలు క్యారియరుకు తగిలి మ్రోగు చప్పుడు వినవచ్చును. పిదప తలకు తువాలు చుట్టుకొని, భుజములు ముడుచుకొని, ఒక చేయి హ్యాండిలుమీదను, రెండవ చేయి చంకలోను ఉంచుకొని పోవు మనుష్యుని ఆకారము కనబడును. రెండు మూడు నిమిషముల కొకసారి అతడు చేతులు మార్చుకొనుచుండును. మోటారు సైకిళ్ళు ఇంటింటికి వచ్చిన ఈ దినములలో ఇట్టివారి సంఖ్య తగ్గినమాట నిజమే. కాని పాలు పోయువారు, పైరుకు నీరు కట్టబోవువారు, కూలికి పోవువారు, ముఖ్యముగా ఉన్నత పాఠశాలలకు పోవు బాలబాలికలు పెక్కుమంది నేటికిని సైకిలునే నమ్ముకొని యున్నారు. 2016 తరువాత కొన్ని సంవత్సరములు రాష్ట్ర ప్రభుత్వము 'బడికొస్తా' అను పథకము క్రింద బాలికలకు సైకిళ్ళు పంచినది. ఆ సైకిళ్ళు అక్కచెల్లెండ్ర చేతులు మారి ఇంకను తిరుగుచునే యున్నవి. వీరందరికి చలిగాలి ప్రతి ఉదయమును చెల్లింపవలసిన సుంకము వంటిది. ఆ సుంకము ఎంత, దానిని ఎట్లు తగ్గించుకొనవచ్చును, ఎప్పుడు సైకిలు దిగి నడచుట మేలు అను విషయములను గూర్చి మేమిచ్చట కొంత ముచ్చటింపదలచినాము.

మొదట స్థలమును గూర్చి చెప్పవలెను. జూపాడు బంగ్లా నేడు నంద్యాల జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలో ఉండెను. కర్నూలు నుండి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరునకు, అటుపై నల్లమల అడవిలోనికి పోవు రోడ్డు ఈ ఊరిగుండ సాగును. ఉత్తరమున శ్రీశైలము జలాశయపు వెనుకటి నీరు పోతిరెడ్డిపాడువరకు పరచుకొనును. అచ్చటి తూములనుండి బయలుదేరిన కాలువ సుమారు 16 కిలోమీటర్లు పోయి బనకచెర్ల చేరును. పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్విన కర్నూలు-కడప కాలువయు ఈ ప్రాంతమున పారును. ఇవన్నియు పంటకు మేలుచేయు సంగతులు. సైకిలువానికి మాత్రము వీని అర్థము వేరు. నల్లమల చేరువరకు గాలిని ఆపుటకు చెప్పుకోదగిన కొండగాని, దట్టమైన తోపుగాని లేదు. పొలములు విశాలములు; జలాశయమా, అద్దమువలె చదునైనది. నేలమీదకంటె నీటిమీద గాలికి రాపిడి తక్కువ గనుక అచ్చటినుండి వచ్చు గాలి వేగముగ వచ్చును. అన్నిటికిని మించి, రోడ్డు ఇంచుమించు తూర్పు పడమరలుగా పడియున్నది.

ఈ చివరి మాటయే మన కథకు మూలము. రాయలసీమలో గాలులుగూడ ముఖ్యముగా తూర్పు పడమరలుగనే వీచును. జ్యేష్ఠాషాఢములలో నైరుతి ఋతుపవనము వచ్చినది మొదలు శ్రావణమువరకు పడమటి గాలి విజృంభించును. అనంతపురము వైపు రామగిరి కొండలమీద తిరుగు గాలిమరలు సంవత్సరములో ఎక్కువ విద్యుత్తు తీయునది ఆ నెలలలోనే. కార్తికము తరువాత గాలి మరలి తూర్పు, ఈశాన్యములనుండి వీచును. అనగా ఆషాఢమున ఆత్మకూరునుండి నందికొట్కూరు దిక్కునకు పోవువానికి ఎదురుగాలి. పుష్యమున నందికొట్కూరునుండి ఆత్మకూరు దిక్కునకు పోవువానికి ఎదురుగాలి. నడుమ నున్న జూపాడు బంగ్లావారికి ఏ ఋతువునందైనను పోకకో రాకకో ఒకదానికి ఎదురు తప్పదు. ఆషాఢపు గాలి బలమైనదే గాని చల్లదనము దుర్భరము కాదు. పుష్యపు గాలి అంత బలమైనది కాకున్నను చలిని వెంటబెట్టుకొని వచ్చును. మాఘమున మ్రాకులు సైతము వణకునని పెద్దలందురు. మ్రాకులకు సైకిలు తొక్కు అవసరము లేదు గదా!

చలి యనగా ఇచ్చట ఎంత? డిసెంబరు, జనవరి నెలలలో కర్నూలు ప్రాంతమున రాత్రి కనిష్ఠోష్ణము సగటున 17 డిగ్రీల దరిదాపున ఉండును. ఆకాశము నిర్మలముగా నుండి మంచు కురియు కొన్ని రాత్రులలో అంతకంటె మూడు నాలుగు డిగ్రీలు తగ్గును. మన్యములోని లంబసింగివారు ఇది విని నవ్వవచ్చును. ఐనను రేడియోలో చెప్పు ఉష్ణోగ్రతకును, సైకిలుమీద మనము అనుభవించు చలికిని భేదము కలదని గ్రహింపవలెను. వాతావరణ కేంద్రమువారి ఉష్ణమాపకము గాలి సూటిగా తగులకుండ జాలరులున్న తెల్లని పెట్టెలో ఉండును. అది గాలి వేడిని చెప్పునేగాని, ఆ గాలి మన ఒంటినుండి ఎంత వేడిని దోచుకొనిపోవుచున్నదో చెప్పదు.

మన చర్మమును అంటిపెట్టుకొని పలుచని వెచ్చని గాలిపొర ఒకటి ఎల్లప్పుడు నుండును. కదలక కూర్చుండినవానికి అదియే ఒక దుప్పటి. గాలి వీచినచో ఆ పొర కొట్టుకొనిపోవును; శరీరము మరల వేడి వెచ్చించి క్రొత్తపొరను తయారుచేయవలెను; అదియు కొట్టుకొనిపోవును. ఈ నష్టమును లెక్కగట్టుటకు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను అమెరికనులు అంటార్కిటికా ఖండమున, ప్లాస్టిక్ గొట్టములో నీరుపోసి గాలిలో ఉంచి, అది గడ్డకట్టుటకు పట్టు కాలమును కొలిచి, 1945లో తమ ఫలితములను ప్రకటించిరి. తరువాత 2001లో అమెరికా, కెనడా దేశములవారు ఆ లెక్కను మార్చి క్రొత్త సూత్రమును ఏర్పరచినారు. ఐతే ఆ సూత్రము 10 డిగ్రీలకు లోబడిన చలికే వర్తించును. కాబట్టి మన పుష్యమాసపు 15 డిగ్రీలకు దానిని అంటగట్టి, 'ఇది నిజముగా ఇన్ని డిగ్రీలు' అని చెప్పుట సరికాదు. సూత్రము వర్తింపకున్నను దాని వెనుకనున్న న్యాయము వర్తించును. గాలి కదలని ఉదయమున గూడ గంటకు 15 కిలోమీటర్ల వేగమున తొక్కువాడు తన గాలిని తానే పుట్టించుకొనుచున్నాడు. గడపదగ్గర నిలిచి 'చలి అంతగా లేదు' అనుకొని బయలుదేరినవాడు అర మైలు పోవునప్పటికి మాట మార్చుకొనుట అందువలననే.

ఇచ్చట రైతునుండి ఒక సంగతి నేర్చుకొనదగి యున్నది. కళ్ళములో ధాన్యము తూర్పారబట్టువాడు సూర్యోదయమున చేట ఎత్తడు. గాలి లేచువరకు కాచుకొనును. శీతకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడి, నేలనంటియున్న గాలియు చల్లబడి బరువెక్కి, కదలక పడియుండును. పైని వీచు గాలికిని, క్రింది గాలికిని పొత్తు తెగిపోవును. ప్రొద్దెక్కి నేల వెచ్చబడినపిదప క్రింది గాలి పైకి లేచి, పైగాలి క్రిందికి దిగి, రెండును కలియును. అప్పుడు, సాధారణముగా ఎనిమిది తొమ్మిది గంటల వేళకు, కళ్ళములో పొట్టు ఎగురుట మొదలుపెట్టును. కాబట్టి శీతకాలమున చలి మిక్కిలిగా నున్న వేళ గాలి తక్కువ. గాలి లేచిన వేళకు చలి విరుగును. ఎదురుగా దూరము పోవలసినవారు ఈ బేరమును ఆలోచించుకొనవలెను. ఒళ్ళు కప్పుకొనుటకు తగిన బట్ట, వెలుతురునకు దీపము ఉన్నవాడు పెందలకడ బయలుదేరి నిశ్చలమైన గాలిలో పోవుట మేలు. బట్టలు పలుచనివైనచో ఎండ వచ్చువరకు ఆగి, గాలితో కొంత పెనగులాడుటయే మేలు. మిక్కిలి చలిగా నుండునది నడిరేయి కాదు, సూర్యోదయపు ఘడియలనుటగూడ మరువరాదు.

రాత్రియెల్ల పాలు పోసినవారికి తెలిసిన మరియొక రహస్యము కలదు. రోడ్డు ఒక వాగులోనికో, కాలువ ప్రక్కనున్న పల్లమునకో దిగినప్పుడు మోకాళ్ళకు చివ్వుమని చలి తగులును. మరల గట్టెక్కగానే వెచ్చగా తోచును. కొందరు దీనిని భ్రమ అనుకొందురు. కాని చల్లని గాలి బరువైనది గనుక నీటివలె పల్లమునకు జారి అచ్చట నిలుచును. పల్లమున చలి నిజముగనే ఎక్కువ. మంచుతెరయు అచ్చటనే చిక్కగా నుండును.

ఇక గాలి కాలిపిక్కలనుండి వసూలుచేయు సుంకమును లెక్కింతము. నిటారుగా కూర్చుండి తొక్కు మనిషియు, సైకిలును, కొద్దిపాటి సామానును కలిసి 90 కిలోలు అనుకొందము. గాలి కదలని రోజున, చదునైన రోడ్డుమీద, గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవుటకు పెడళ్ళమీద సుమారు 55 వాట్ల శక్తి చాలును. పూర్వపు తీగబల్బులలో 60 వాట్లది మనకెల్లరకు తెలిసినదే. ఇది దానికంటె కొంచెము తక్కువ. ఈ శక్తిలో సుమారు సగము టైర్ల రాపిడికిని, సగము గాలిని చీల్చుకొని పోవుటకును పోవును. ఇప్పుడు ఎదురుగా గంటకు 15 కిలోమీటర్ల గాలి వీచుచున్నదనుకొందము. మనకు తగులు గాలి వేగము 30 అగును. వేగము రెట్టింపైనప్పుడు గాలి అడ్డు రెట్టింపు కాదు, నాలుగింతలగును. అదే వేగము నిలుపుకొనవలెనన్నచో 130 వాట్లు కావలెను. ప్రత్యేకాభ్యాసము లేని మనిషి గంటసేపు నిలకడగా ఇయ్యగలది 75 మొదలు 100 వాట్లవరకే. కనుక ఎదురుగాలిలో వేగము నిలువకుండుట తొక్కువాని సోమరితనము కానేకాదు. అది లెక్క ప్రకారము జరుగు పని.

అదే 55 వాట్లతో తొక్కినచో ఎదురుగాలిలో గంటకు 9 కిలోమీటర్లకు కొంచెము తక్కువగాను, వాలుగాలిలో 23కు కొంచెము తక్కువగాను పోవచ్చును. పోవుటకు 15, వచ్చుటకు 15 కిలోమీటర్లు ఐనచో, గాలిలేని రోజున మొత్తము రెండు గంటలు పట్టును. గాలిరోజున ఎదురుగా పోవుటకు గంట 42 నిమిషములు, వాలుగా తిరిగివచ్చుటకు 40 నిమిషములు, వెరసి 2 గంటల 22 నిమిషములు. పోయినప్పుడు తీసికొన్నదానిని వచ్చునప్పుడు గాలి పూర్తిగా తిరిగి ఇయ్యదు. ఏలనగా ఎదురుగాలిలో మనము ఎక్కువసేపు ఉందుము, వాలుగాలిలో తక్కువసేపు ఉందుము. ప్రక్కనుండి వీచు గాలి తటస్థమనుకొనుటయు పొరపాటే. మన వేగముతో సమానమైన గాలి సరిగా ప్రక్కనుండి వీచినను ముందుకు పోవుటలో గాలి అడ్డు వందకు నలుబది పాళ్ళు పెరుగును. అందుచేతనే మూడు దిక్కుల గాలి శత్రువు, ఒక దిక్కు గాలియే మిత్రుడు అని తొక్కువారు వాపోవుట. చలిగాలికి ఇంకొక చిన్న తోడ్పాటును కలదు. 15 డిగ్రీల గాలి 40 డిగ్రీల వేసవి గాలికంటె వందకు ఎనిమిది తొమ్మిది పాళ్ళు సాంద్రమైనది. ఆ మేరకు అడ్డును ఎక్కువే. చలికి టైర్లలోని గాలి బిగువును కొంత సడలును గనుక మధ్యాహ్నపు ఎండలో కొట్టిన గాలిని నమ్మక, ఉదయము ఒకసారి బొటనవ్రేలితో నొక్కిచూచి, రెండు పంపులు కొట్టుకొనుట మంచిది.

ఎదురుగాలిలో పాతకాలపు సైకిలు తొక్కుట మనకే వచ్చిన కష్టమనుకొనరాదు. చదునుకును గాలికిని పేరుపొందిన నెదర్లాండ్సు దేశమున 2013లో ఎదురుగాలి సైకిలు పందెములు ప్రారంభమైనవి. సముద్రపు పోటును ఆపు ఊస్టర్‌షెల్డె అడ్డుకట్టమీద ఎనిమిదిన్నర కిలోమీటర్ల దూరము తొక్కవలెను. గేర్లు మార్చు సైకిళ్ళు పనికిరావు. నిటారుగా కూర్చుండు మామూలు సైకిళ్ళే, అందరికి ఒకే రకమువి ఇత్తురు. తుపానుగాలి వచ్చు సూచన కనబడిన తరువాతనే పందెపు తేదీని, కొద్ది దినములు ముందుగా, ప్రకటింతురు. మన వైపు పాలవాని సైకిలునకును గేర్లు లేవు, నిటారుగా కూర్చుండుటయు అదే. అతనికి బహుమతి ఇచ్చువారే లేరు.

బయలుదేరకముందు గాలిని అంచనా వేయుట ఎట్లు? బ్రిటిషు నౌకాధికారి ఫ్రాన్సిస్ బోఫోర్టు 1805లో గాలికి అంకెలు కట్టిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. నేలమీద గుర్తులకు దానిని అన్వయించినచో వేపాకులు ఎడతెగక కదలుచుండిన గాలి గంటకు 12 నుండి 19 కిలోమీటర్లు. రోడ్డుమీద దుమ్మును, కాగితపు ముక్కలును లేచినచో 20 నుండి 28. చిన్న చెట్లు ఊగినచో 29 నుండి 38. చివరిదానిలో బరువుతో సైకిలు తొక్కుట సాహసమే. రేడియోలో చెప్పు గాలివేగము నేలకు 10 మీటర్ల ఎత్తున కొలిచినది. పైరులు, గట్లు అడ్డగించుటచేత సైకిలుమీది మనిషి రొమ్ము ఎత్తున గాలి అంతకంటె తక్కువగా, సుమారు మూడింట రెండు వంతులుగా నుండును. కాబట్టి వార్త విని మరీ అధైర్యపడనక్కరలేదు. కాని జలాశయపు గట్టుమీద, ఎత్తైన కాలువకట్టమీద ఈ తగ్గింపు ఆశింపరాదు.

తొక్కు తీరులో నేర్వవలసినది కొంత కలదు. గాలి ఎదురైనప్పుడు లేచినిలబడి తొక్కుట చాలమందికి అలవాటు. ఇందువలన గాలికి మన ఒడలు ఇంకను ఎక్కువ తగులును. నాలుగు నిమిషములలో ఊపిరి చాలదు. మోచేతులు వంచి, రొమ్మును హ్యాండిలువైపు వాల్చి, వేగము తగ్గినను పెడలు తిరుగుట ఆగకుండ తొక్కుట మేలు. ఇద్దరు కలిసి పోవునప్పుడు ఒకరి వెనుక ఒకరు ఒక గజము ఎడముగా పోయినచో వెనుకవానికి గాలి అడ్డు నాలుగవ వంతుకు పైగా తగ్గును. అర మైలు కొకసారి ముందువెనుకలు మారినచో న్యాయముగ నుండును. లారీల వెనుక చాటున పోవు సాహసము మాత్రము పనికిరాదు. లారీవాడు బ్రేకు వేసిన విషయము మనకు అతని బండి తగిలిన తరువాతనే తెలియును. లారీ ప్రక్కనుండి దాటిపోవునప్పుడు ఇంకొక చిక్కు. క్షణకాలము గాలి ఆగి, సైకిలు అటు వాలి, మరుక్షణము గాలి తిరిగి కొట్టి ఇటు త్రోయును. అది ముందుగా తెలిసి హ్యాండిలు గట్టిగా పట్టుకొన్నవాడు నిలుచును.

సామానును గూర్చి ఒక మాట. బరువుకంటె వెడల్పు హానికరము. క్యానులో నిండిన పాలు బరువైనను గాలికి లొంగవు; అడ్డముగ కట్టిన పచ్చిగడ్డి మోపు తేలికైనను తెరచాపవలె పనిచేయును. గడ్డిని నిలువుగ, వీపు చాటునకు వచ్చునట్లు కట్టవలెను. మెడచుట్టు వ్రేలాడు తువాలు చెంగు, బాలికల వోణీ గాలికి ఎగిరి చైనులోనో చక్రములోనో చిక్కుకొనుట మేము పలుమారు చూచినాము. వెనుక చక్రమునకు వల బిగించుట ఖర్చుగల పని కాదు.

ఇక చేతులు. ఈ ప్రకరణములో మేము కొంత ఎక్కువసేపు నిలువదలచితిమి. తొక్కువాని శరీరము లోపల పొయ్యివలె మండుచుండును. మనము వెచ్చించు శక్తిలో నాలుగవ వంతుకు మించి పెడలునకు చేరదు, మిగిలినదంతయు వేడియే. అందువలన రొమ్ము చెమర్చుచుండగనే వ్రేళ్ళు కొయ్యబారును. చలి తగిలినప్పుడు శరీరము ముఖ్యావయవముల వేడిని కాపాడుకొనుటకై వ్రేళ్ళకు పోవు నెత్తురు గొట్టములను ముడుచుకొనును. హ్యాండిలుమీది చేతులు కదలవు, వానికి గాలి ముందుగా తగులును. చర్మపు వేడి సుమారు 15 డిగ్రీలకు దిగినప్పటికి వ్రేళ్ళ నేర్పు తగ్గును. నరములు మెల్లగా పనిచేయును, పట్టు సడలును.

ఇది పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక డిసెంబరు ముసురులో, చినుకులును ఈశాన్యపు గాలియు ముఖమున కొట్టుచుండగ, మేము నందికొట్కూరు వైపునుండి వచ్చుచుంటిమి. చేతులు తిమ్మిరెక్కినవని తెలియునుగాని దానిని పెద్దగా లెక్కసేయలేదు. ఒక కాలువ వంతెనకు దిగు వాలున ఎడ్లబండి ఒకటి అడ్డముగా మళ్ళుచుండెను. బ్రేకు పట్టవలెనని మనస్సు చెప్పినది, వ్రేళ్ళు వినలేదు. వంగిన వ్రేళ్ళు బ్రేకుకడ్డీమీద నుండెనేగాని బిగియలేదు. తడిసిన చక్రపు అంచుమీద బ్రేకుకట్టె సగమే పట్టునను సంగతి వేరే ఉండనే ఉన్నది. రోడ్డు ప్రక్కనున్న కంది చేనిలోనికి సైకిలును మళ్ళించి పడితిమి. మోకాలి చర్మము లేచినదేగాని మరి హాని కలుగలేదు. బండితోలు పెద్దాయన దిగివచ్చి, 'చేతులు చంకలో పెట్టుకొని కొంచెము కూర్చో నాయనా' అని తన గొంగళి మామీద కప్పెను. వ్రేళ్ళకు స్పర్శ వచ్చుటకు పావుగంట పట్టినది. స్పర్శ వచ్చునప్పటి నొప్పి పడినప్పటి నొప్పికంటె హెచ్చు.

ఆనాటినుండి మేము పాటించు నియమము ఒకటి కలదు. బొటనవ్రేలిని చిటికెన వ్రేలితో తాకించలేకపోయిన క్షణమున సైకిలు దిగవలెను. దిగి, చేతులను చంకలలో ఉంచుకొని, సైకిలును తుంటికి ఆనించి, కొంత దూరము నడవవలెను. నడకలో సొంతగాలి ఉండదు, ఒళ్ళు వెచ్చబడును. చేతితొడుగులు లేనివారు పాత మేజోళ్ళను చేతులకు తొడిగికొన్నను చాలును. బ్రేకు జారకుండ పట్టుకొనగలమో లేదో ఇంటి ముంగిటనే చూచుకొనవలెను.

బట్టలలో ముఖ్యసూత్రము గాలిని ఆపుట. మందమైన అల్లిక స్వెట్టరు వెచ్చనిదే, కాని దాని కన్నములగుండ గాలి దూసుకొనిపోవును. దానిపైన పలుచనిదైనను గాలి చొరని చొక్కా ఒకటి ఉండవలెను. ఏమియు లేనప్పుడు వార్తాపత్రికను మడచి చొక్కాలోపల రొమ్మునకు అడ్డముగ పెట్టుకొనుట చక్కని ఉపాయము. దీనిని తక్కువగా చూడనక్కరలేదు. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధమైన సైకిలు పందెములో పర్వతశిఖరముల నుండి దిగునప్పుడు పందెగాండ్రు ఇదే పని చేసెడివారు. చదివిన పత్రికకు ఇంతకంటె సద్వినియోగము అరుదు. నూలుబట్ట చెమటను పీల్చి తడిగనే ఉండును. కాబట్టి బయలుదేరునప్పుడు కొంచెము చలిగా తోచునంత మాత్రమే తొడుగుకొనుట, చెమట పట్టకముందే పైగుండీ విప్పుట, ఆగినంతనే మరల బిగించుట మేలు. చేరినపిదప తడి బనియనుతో గాలికి ఎదురుగా కూర్చుండరాదు. మఫ్లరుతో చెవులు కప్పుకొనుడు; కాని వెనుకనుండి వచ్చు బండి చప్పుడు వినరానంతగా చుట్టుకొనకుడు. కొసలను చొక్కాలోనికి దోపుకొనుడు.

తడిసినప్పుడు సంగతి వేరు. బంగాళాఖాతమున వాయుగుండము పట్టి, ముసురు మూడు నాలుగు దినములు విడువకున్నప్పుడు ఉష్ణమాపకము 20 డిగ్రీలు చూపుచున్నను మేను వణకును. తడిబట్ట వెచ్చని గాలిపొరను నిలువనీయదు. ఆరుచున్న నీరు మన వేడినే తీసికొని ఆరును. దానికి గాలి తోడగును. మంచు కురియు దేశములలోనే మనుష్యులు చలికి లోబడుదురనుకొనుట తప్పు. సున్న డిగ్రీలకు ఎంతో పైననే, తడిసి, అలసి, ఆకలిగొని, గాలిలో ఉన్నవాని ఒడలి వేడి ప్రమాదకరముగ తగ్గవచ్చును. ఆపుకొనరాని వణకు, మాట తడబడుట, చేతులలోని వస్తువు జారిపోవుట, విసుగు, మత్తు దాని గుర్తులు. వణుకుచున్నవాడు హఠాత్తుగా వణకుట మానినచో కుదుటపడినాడని సంతోషింపరాదు. అది ఇంకను చెడు గుర్తు. అట్టివానిని గాలి తగులని చోట చేర్చి, తడిబట్టలు విప్పి, పొడిబట్టలు కప్పి, తెలివితో నున్నచో తియ్యని వేడిపానీయము ఇచ్చి, వైద్యుని యొద్దకు చేర్చవలెను. సారాయి వెచ్చజేయునను నమ్మకము హానికరమైనది. అది చర్మమునకు నెత్తురు పారించి వెచ్చదనపు భ్రమ కలిగించి, లోపలి వేడిని బయటికి పోనిచ్చును.

నలుబది, ఏబది దాటినవారు ఇంకొక విషయము తెలిసికొనవలెను. చలి నెత్తురు గొట్టములను ముడిచి రక్తపు పోటును పెంచును. ఎదురుగాలి అదే సమయమున గుండెనుండి ఎక్కువ పని కోరును. రెండును కలిసిన వేళ రొమ్మున బిగువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, ఎన్నడులేని ఆయాసము కలిగినచో 'గాలి పట్టినది' అని రుద్దుకొనుచు తొక్కరాదు. దిగి, కూర్చుండి, ఆసుపత్రికి కబురు పంపవలెను. ఉబ్బసము గలవారికి చల్లని పొడిగాలి శ్వాసనాళములను బిగించును. ముక్కుతో పీల్చుటయు, నోటిపై పలుచని గుడ్డ కట్టుకొని గాలిని కొంత తేమగా, వెచ్చగా చేసి పీల్చుటయు ఉపకరించును. మొదటి పది నిమిషములు మెల్లగా తొక్కుట వీరికి అత్యవసరము. వైద్యుడు ఇచ్చిన మందు జేబులో నుండవలెనేగాని ఇంటి గూటిలో నుండరాదు.

బడిపిల్లల విషయము చెప్పి ముగింతుము. ఊరికి పడమటనున్న పల్లెలనుండి జూపాడు బంగ్లాకు చదువుకొన వచ్చు బిడ్డకు పుష్యమున ఉదయము తూర్పుగాలి ఎదురగును, సాయంకాలము అదే గాలి వీపు తట్టి ఇంటికి చేర్చును. ఆషాఢమున ఇది తలక్రిందులు. ఉదయము గాలి త్రోసికొనిపోయి బడిలో దిగవిడుచును. సాయంకాలము, మధ్యాహ్నము తిన్నది అరిగిపోయి, పుస్తకముల సంచి బరువుతో, దుమ్ము కండ్లలో పడుచుండగ, ఆ బిడ్డ పడమటి గాలికి ఎదురు తొక్కవలెను. తల్లిదండ్రులు 'ఉదయము అరగంటలో పోయినవాడవు, ఇప్పుడు గంట ఏల పట్టెను' అని గద్దించుట మేము విన్నాము. పైని చెప్పిన లెక్కయే ఆ బిడ్డ సంజాయిషీ. ఆషాఢమున సాయంకాలపు ప్రయాణమునకు సంచిలో ఒక వేరుసెనగ ఉండయో, బెల్లము ముక్కయో, నీటిసీసాయో పెట్టి పంపుడు. పుష్యమున ఉదయపు ప్రయాణమునకు ఒక పావుగంట ముందుగ, వేడిగా ఏదేని తినిపించి పంపుడు. చేతులకు మేజోళ్ళు తొడిగి, సైకిలు బ్రేకును ఒకసారి మీరే పట్టి చూడుడు. వెనుకనుండి వచ్చు బండి దీపమునకు మెరయునట్టి ఎర్రని బిళ్ళ వెనుక మడ్గార్డునకు ఉన్నదో ఊడిపోయినదో కూడ అప్పుడే చూచినచో, మంచుతెరలో పోవు ఆ సైకిలు లారీవాని కంటబడును.